లఘువు, గురువు, హెచ్‌డీ

2019 శ్రీరామనవమికి కొద్దిరోజుల ముందు మా ఆవిడకు కంటి శుక్లాల శస్త్రచికిత్స జరిగింది. భద్రాచల కల్యాణం ఈసారి కన్నులారా చూడాలని ఆమె కోరిక. అబ్బాయి కొనిపెట్టిన కొత్త టీవీలో బొమ్మ మాత్రం అలికినట్లే ఉండేది.

"పెట్టె పాతది మాస్టారూ" అన్నాడు కేబులు కుర్రవాడు. మామూలు బొమ్మకు 576 గీతలు, హెచ్‌డీకి 1080 అట. సరే, కొత్త పెట్టె వచ్చింది. మరి ఏ చానళ్ళు వస్తాయి? అచ్చువేసిన జాబితాలో ఉన్నవన్నీ మా వీధికి రావాయె! రిమోటుతో అంకెలన్నీ నొక్కి, వచ్చినవాటిని పాత హాజరుపట్టీ వెనుక వ్రాసుకున్నాను. తెలుగులో ఈటీవీ, జెమిని, స్టార్ మా, అంతే.

ఆ ఏటి కొత్త నిబంధనలలో, పన్ను కాక 130 రూపాయల రుసుముకు 100 చానళ్ళు. హెచ్‌డీ ఒక్కటీ రెండింటి పెట్టు. గురువుకు రెండు మాత్రలు కదా, నాకేమీ వింతగా తోచలేదు.

నవమినాడు ఆమె కుర్చీ ముందుకు జరుపుకోకుండానే, "తలంబ్రాలలో ముత్యాలండీ!" అన్నది.