ఆనకట్ట కింద ఆగిన చేప

గోదావరికి ఎర్ర నీరు వచ్చాక ధవళేశ్వరం వెళ్లాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. పులస తినడానికి కాదు. సముద్రం నుంచి బయల్దేరిన ఆ చేప నదిలో ఎంత దూరం పోగలుగుతోంది, ఎక్కడ ఆగిపోతోంది, దానితో పాటు ఈ నీళ్లలో ఇంకేమేం బతుకుతున్నాయి అన్నది వేట చేసేవాళ్లనే అడిగి తెలుసుకోవాలని.

రాజమహేంద్రవరం నుంచి ధవళేశ్వరం ఎంతో దూరం లేదు. ఊరు దాటగానే ఎడమ వైపు కాటన్ మ్యూజియం, కుడి వైపు నది. ఇక్కడ గోదావరి ఒక్క పాయగా ఉండదు. లంకల మధ్య విడిపోయిన నదికి అడ్డంగా ఆనకట్టను నాలుగు ముక్కలుగా కట్టారు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. గేట్లు వరుసగా 70, 43, 23, 39. మొత్తం 175. నేను వెళ్లిన రోజు వరద మొదటి ప్రమాద హెచ్చరికకు చాలా కిందే ఉంది. గేట్లు కొన్ని కొద్దిగా ఎత్తారు, మిగతావి దించే ఉన్నాయి. నడక దారి మీద నిలబడి కిందికి చూస్తే, ఎత్తిన గేటు అడుగు నుంచి నీరు బిగబట్టి వదిలినట్టు దూసుకొస్తోంది. ఆ హోరులో పక్కవాడి మాట వినిపించదు. కాస్త అవతల, దించిన గేట్ల ముందు, నురగ తేలుతున్న మడుగు. ఆ మడుగు చుట్టూ కొంగలు, నీటికాకులు. వాటికి చేప ఎక్కడ ఆగుతుందో బాగా తెలుసు.

పులసకు సాల్మన్ లాగా ఎగిరి దూకే గుణం లేదు. నీటి మట్టం పైనా కిందా దాదాపు కలిసిపోయి, ప్రవాహం ఒకే వాలుగా సాగితేనే అది ఎదురీది పైకి పోతుంది. భారీ వరదలో గేట్లన్నీ పైకి లేపినప్పుడు అలాంటి దారి దొరుకుతుంది. మిగతా రోజుల్లో సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చిన చేప ఈ గోడ దగ్గరే తిరుగుతూ ఉంటుంది.

గట్టు దిగువన పడవ లాగి వల ఆరబెట్టుకుంటున్న పెద్దాయన్ను పలకరించాను. అరవై దాటిన మనిషి. ఆయన తండ్రీ తాతా కూడా ఇదే రేవులో వేట చేశారు.

“గేట్లు ఎత్తితేనే ఎక్కుద్దండి చేప. దించేశారంటే ఇక్కడిక్కడే తిరుగుద్ది. మాకూ ఇక్కడే దొరుకుద్ది,” అన్నాడు.

“మరి పైన దొరకదా?”

“మా తాత పట్టిసీమ దాకా వల పట్టుకుని పోయేవాడండి. ఇప్పుడు ఆ పైకి పులస కోసం ఎవరు పోతారు?”

ఆ మాట మీద నేను చాలాసేపు ఆలోచించాను. ఈ నది గురించి నాకు తట్టని విషయం అందులో ఉంది. మనం ఆనకట్టను చేపకు అడ్డంగా మాత్రమే చూస్తాం. నిజానికి అది వేటకు తోడు కూడా. నది మొత్తం మీద చెల్లాచెదురుగా పోవలసిన చేపల గుంపును తెచ్చి ఒక్కచోట నిలబెడుతుంది. అక్కడ వల వేస్తే చాలు. గుడ్లు పెట్టడానికి వచ్చిన చేప గుడ్లు పెట్టకముందే బుట్టలో పడుతుంది.

ఆడ పులస పరిమాణాన్ని బట్టి లక్ష నుంచి ఇరవై లక్షల దాకా గుడ్లు పెట్టగలదు. మంచినీటిలో, ప్రవాహం ఉన్నచోట. ఆ గుడ్లు ఒక్క రోజు అటూ ఇటూగా పిల్లలవుతాయి. కొన్ని నెలలు నదిలోనే పెరిగి, జానెడు లోపు ఉండగానే సముద్రానికి దిగిపోతాయి. అంటే దీనికి రెండు దారులు కావాలి, పైకి పోవడానికి ఒకటి, కిందికి రావడానికి ఒకటి. ఎండాకాలంలో ఆ రెండో దారి ఎలా ఉంటుందో గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. బ్యారేజీ పైన కాలువలకు నిండుగా నీరు, కింద ఇసుక తిన్నెలు, ఆ దిగువన సముద్రపు పోటుతో ఎక్కి వచ్చే ఉప్పునీరు.

మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, పాత పనిముట్లు, ఫోటోలు చూశాను. 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. అంతకు ముందు తుపానులు, కరువులు ఈ జిల్లాను ఎలా పిండాయో తెలిసినవాళ్లు ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరు చెప్పేటప్పుడు గొంతు మారడం నేను చిన్నప్పటి నుంచి విన్నాను. నా మనసులోనూ ఆ గౌరవం ఉంది. డెల్టాలో పది లక్షల ఎకరాలకు నీళ్లిచ్చే కట్టడం అది. పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలుపెట్టి కట్టిన బ్యారేజీ ఇప్పుడు మనం చూస్తున్నది. దాన్ని తీసేయమని అడిగేవాడు ఈ నేల మీద బతికినవాడు కాదు. కానీ కట్టిన నాడు పట్టించుకోని చేప దారి సంగతి ఒకటుంది, దాన్ని నూట డెబ్బై ఏళ్ల తర్వాతైనా పట్టించుకోవాలి.

పట్టించుకున్నవాళ్లు అప్పట్లోనే లేకపోలేదు. మద్రాసు సైన్యంలో డాక్టరుగా వచ్చిన ఫ్రాన్సిస్ డే, తర్వాత దేశం మొత్తానికి మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. 1873లో భారత, బర్మా మంచినీటి చేపల మీద ఆయన ఇచ్చిన నివేదికలో, ఆనకట్టలు చేపల రాకపోకలను ఎలా ఆపుతున్నాయో, చేపకు దారి వదలడం ఎందుకు అవసరమో రాశాడు. సన్న కన్ను వలలతో పిల్ల చేపల్ని ఊడ్చేయడం గురించీ రాశాడు. ఆయన కంటే ముందే విశాఖపట్నంలో ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ 1803లో రెండు వందల చేపల బొమ్మలతో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. మన జాలర్లు చెప్పిన పేర్లనే దాదాపుగా ఉంచాడు. అందులో మన పులస కూడా ఉంది. ఆ బొమ్మను ఆధారం చేసుకునే తర్వాత ఫ్రాన్స్‌లో కువియే ఈ చేపకు లాటిన్‌లో ‘పలాసా’ అని పేరు పెట్టాడు. తర్వాత శాస్త్రవేత్తలు అంతకు ముందే హామిల్టన్ అనే ఆయన పెట్టిన ‘ఇలిషా’ పేరునే ఖాయం చేశారు.

అంటే ఈ తీరపు చేపల మీద రెండు వందల ఏళ్ల నాటి రాత ఉంది. లేనిది ఆ రెండు వందల ఏళ్ల లెక్క. ఏ రేవులో ఏ ఏడు ఏ చేప ఎంత పడిందో వరుసగా రాసి ఉంచితే, ఈ రోజు మనం ఇలా జ్ఞాపకాల మీద ఆధారపడక్కర్లేదు.

జ్ఞాపకాలైనా తక్కువవి కావు. మర్నాడు పొద్దున్నే రాజమహేంద్రవరంలో చేపల మార్కెట్‌కు వెళ్లాను. పులసలు ముందు వరుసలో, అరిటాకు మీద, విడివిడిగా. వేలల్లో ధర. ఒకామె ఒకదాన్ని పైకెత్తి కడుపు వైపు తిప్పి చూపించింది. అంచున రంపపు పళ్లలా గరుగ్గా పొలుసుల వరుస. వేలు రాస్తే గుచ్చుకుంటుంది. పక్క పొలుసులు మాత్రం చెయ్యి తగిలితేనే రాలిపోతున్నాయి. వెండి మెరుపు మీద సన్నగా పసుపు ఛాయ.

“ఈ పసుపు చూడు బాబూ. ఐసులో వేసి ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వచ్చేదానికి ఇది ఉండదు. అది తెచ్చి పులసని అమ్మేస్తన్నారు,” అంది.

“ఇది సెన పులసేనా?”

“సెనదే. దీనికే కదా ధర. మగదాన్ని ఎవరడుగుతారు?”

గుడ్లున్న ఆడ చేపకే ఎక్కువ ధర. ఏది బతికి పైకి పోతే వచ్చే ఏడు నది నిండుతుందో, దాన్నే మనం ఏరి ఏరి కొంటున్నాం. పుస్తెలమ్మైనా పులస తినాలని చెప్పుకున్న జిల్లా మనది. ఆ రుచి మీద నాకు కోపం లేదు, నేనూ తిన్నవాణ్నే. కానీ రుచికి పెట్టే వేల రూపాయల్లో ఒక్క రూపాయి అయినా చేప దారి కోసం ఖర్చవుతోందా అని ఆ తక్కెడ ముందు నిలబడి అడగకుండా ఉండలేకపోయాను.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఆమె వెనక ఉన్న అల్యూమినియం గిన్నె. ఇంటికి తీసుకెళ్లే చిల్లర చేపలు అందులో ఉన్నాయి. వేళ్లతో కలిపి చూపించింది. పరిగెలు, జెల్లలు, రెండు బొమ్మిడాయిలు, ఒక మట్టగిడస. మిగతావి, సగం పైగా, చైనా గొరకలు, అంటే తిలాపియాలు. మొజాంబిక్ తిలాపియా మన దేశానికి వచ్చింది 1952లో. చెరువుల్లో పెంచుదామని తెచ్చారు, ఇప్పుడు చాలాచోట్ల వల వేస్తే తిలాపియాలే ముందు పడుతున్నాయి. పిల్లల్ని నోట్లో పెట్టుకుని కాపాడుకునే చేప, ఏడాదికి ఎన్నోసార్లు ఈనుతుంది, మురుగులోనూ బతుకుతుంది.

“బొమ్మిడాయిలు ముందు గంపల్లో వచ్చేవి. వాలుగ అయితే మనిషి మోయలేనంత ఉండేది. ఇప్పుడు పిల్ల వాలుగే,” అంది ఆమె. వాలుగను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పుకు లోనైన జాతుల్లో చేర్చింది. ఆ వర్గీకరణ గురించి ఆమెకు తెలియదు, ఆమె తక్కెడకు తెలుసు.

పక్క కొట్టతను ఇంకో విషయం చెప్పాడు. ఒంటి నిండా గట్టి పలకలతో, కింద నోటితో ఉండే దెయ్యం చేప వలలో పడితే వల చిరగక తప్పదట. అది దక్షిణ అమెరికా చేప. గాజు తొట్టెల్లో పాచి తింటుందని కొన్నవాళ్లు పెద్దదయ్యాక కాలువలో వదిలేస్తే, అక్కడి నుంచి వాగులకు, చెరువులకు పాకింది. గట్టుకు బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాలోని డీఎన్ఏ ఆధారంగా ఇది ఎక్కడెక్కడ ఉందో కనిపెట్టే పద్ధతి తయారు చేశారు. తూర్పు కనుమల నీళ్లలో వెతికితే చాలా చోట్ల జాడ దొరికింది. అదే పద్ధతితో పులస ఎంత పైకి పోతోందో, వాలుగ ఎక్కడ మిగిలిందో కూడా ఏటా చూడవచ్చు. ఒక సీసాడు నీళ్లు చాలు, చేపను చంపక్కర్లేదు.

పులస గురించి మాట్లాడేవాళ్లకు తక్కువ లేదు, కానీ ధర లేని ఈ గిన్నెలోని చేపలు పోతుంటే ఎవరూ మాట్లాడరు. నది మారిందని ముందు చెప్పేవి ఇవే. పరిగె, జెల్ల, బొమ్మిడాయి తమకు కావలసిన నీటి గుంటలు, అంచు గడ్డి, ఇసుక అడుగు దొరక్కపోతే ఎక్కడికో వలస పోలేవు. నల్లా చానల్ నుంచి రాజమహేంద్రవరం మురుగు నదిలో కలిసేచోట నిలబడి చూస్తే, అక్కడ తిలాపియాకు పండగ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఆనకట్టలు పులసను ఆపడం ఒక్క గోదావరిలోనే జరగలేదు. 1934లో మెట్టూరు కట్టాక కావేరిలో పులస ఆపైకి పోలేదు. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక, అలహాబాద్ దాకా ఎదురీదిన గంగ పులస అక్కడి వలల్లోంచి దాదాపు మాయమైంది. ఇప్పుడు కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థ సిఫ్రీ వాళ్లు ఫరక్కా కింద పట్టిన పులసల్ని తెచ్చి పైన వదులుతున్నారు, ట్యాగులు వేసి గమనిస్తున్నారు. బంగ్లాదేశ్ వేరే దారి పట్టింది. అక్టోబరులో గుడ్లు పెట్టే రోజుల్లో 22 రోజులు వేట ఆపేసింది. పిల్ల చేపను పట్టడం, అమ్మడం నెలల తరబడి నిషేధించింది. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు బియ్యం ఇచ్చింది. 2002-03లో రెండు లక్షల టన్నుల దగ్గరున్న పులస దిగుబడి 2017-18కి అయిదు లక్షల టన్నులు దాటింది. ఈ మధ్య అక్కడా కొంత తగ్గింది, అయినా పోయిందనుకున్న చేపను తిరిగి నింపవచ్చని ఆ పదిహేనేళ్లు రుజువు చేశాయి.

ధవళేశ్వరానికి పైన, దాదాపు నలభై కిలోమీటర్ల దూరంలో పోలవరం స్పిల్‌వేలో సిఫ్రీ సలహాతో చేపల కోసం నిచ్చెన దారి కట్టారు. 48 గేట్ల ఆ పెద్ద కట్టడంలో చేపను గుర్తు పెట్టుకున్నారంటే సంతోషించాల్సిందే. అయితే పోలవరం మెట్టెక్కాలంటే పులస ముందు ధవళేశ్వరం దాటాలి. కింద దారి తెరవకుండా పైన దారి ఇస్తే ఆ ఖర్చుకు ఫలితం రాదు.

పెద్దాయన్ను వెళ్లేముందు మళ్లీ కలిశాను. పులస ఎక్కే రోజుల్లో కొన్ని వారాలు బ్యారేజీ కింద వేట ఆపమంటే ఒప్పుకుంటారా అని అడిగాను. ఆయన వల ముడి విప్పుతూనే చెప్పాడు.

“సముద్రంలో రెండు నెలలు ఆపట్లేదాండీ? అట్లాగే ఇక్కడా ఆపొచ్చు. ఆ రోజులకి ఇంట్లోకి బియ్యం, చేతిలోకి డబ్బులు ఇవ్వాల. మాకొక్కళ్లకే చెప్పి ఊరుకుంటే కాదు. యానాం కాడ, అంతర్వేది కాడ మొగలో అడ్డంగా వలలు కట్టేవాళ్లకీ చెప్పాల. అక్కడ ఆపేస్తే ఇక్కడికి ఏవొస్తది?”

ఏ నివేదికలోనూ ఇంతకన్నా సూటిగా చదవలేదు. నేను జోడించేది కొద్దిగానే. వరద తగ్గుతున్న రోజుల్లో ఒక పాయలో కొన్ని గేట్లనైనా చేప దాటేంత సేపు పూర్తిగా ఎత్తి ఉంచే పద్ధతి ఇంజినీర్లు, సిఫ్రీ కలిసి ప్రయత్నించాలి. ఎండాకాలంలో బ్యారేజీ కిందికి కొంత నీరు వదలడం డెల్టా రైతుకూ మంచిదే, ఉప్పు వెనక్కి తగ్గుతుంది. ప్రతి రేవులో మత్స్యశాఖ ఒక రిజిస్టరు పెట్టాలి, పులసకే కాదు, గిన్నెలోని పరిగెకు కూడా. ఇక కొనే మనం. ఈ ఏడు మార్కెట్‌కు వెళ్తే సెన పులస కోసం అడగకండి. అడిగేవాళ్లు తగ్గితే దాని ధర దిగుతుంది, ధర దిగితే దాని మీద పడే వలలు తగ్గుతాయి.