ఖాళీ గడి వదలొద్దు

ఎన్నికలప్పుడు మా లాయర్ ఆఫీసులో చేరే జూనియర్‌కి నేను ముందుగా ఇచ్చేది ఫారం 26. అభ్యర్థి తన కేసులు, ఆస్తులు, అప్పులు ప్రమాణం చేసి చెప్పే అఫిడవిట్ అది. అబద్ధమని తెలిసి రాసినా, ఉన్నది దాచినా ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

"ఆరు నెలలేగా సార్" అని నవ్వే అభ్యర్థులు తగులుతారు. శిక్ష చిన్నదే. కనీసం రెండేళ్లు చేసి, అనర్హత కూడా పెట్టమని 2014లో లా కమిషన్ సిఫార్సు చేసింది, చట్టం మాత్రం మారలేదు. అయితే సీటు మాటేమిటి? ఆస్తుల వివరాలు సరిగా చూపలేదని 2023లో తెలంగాణ హైకోర్టు కొత్తగూడెం, గద్వాల ఎన్నికలు రెండూ చెల్లవంది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చేదాకా గెలిచినవాళ్లకు నిద్ర లేదు. ఈ సంగతి చెబితే నవ్వు ఆగుతుంది.

ఇక పనిలోకి రండి. "ఆస్తులేమున్నాయి?" అని అడగొద్దు, "పెద్దగా ఏం లేవయ్యా" అంటారు. పాసు పుస్తకాలు, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు (ఈసీలు), బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎల్‌ఐసీ బాండ్లు, బండ్ల ఆర్‌సీలు బల్ల మీద పెట్టించండి. భార్య పేరు మీదవి వేరే కట్ట. ఇది మా సీనియర్ గారి పద్ధతి. బంగారం గడికొస్తే అభ్యర్థిని వదిలేసి భార్యనే అడగమనేవారు. ఒక అభ్యర్థి "ఇరవై తులాలు రాయండి" అంటుండగానే లోపలి గదిలోంచి వినబడింది: "మా పుట్టింటివాళ్లు పెట్టింది లెక్కలోకి రాదా?" ఆ గడి మళ్లీ మొదటి నుంచి రాశాం.

భూమికి కొన్న ధర ఒక్కటే రాస్తే చాలదు, ఇవాళ్టి మార్కెట్ విలువ కూడా పడాలి. ఏమీ లేనిచోట "లేదు" అనో "వర్తించదు" అనో రాయాల్సిందే. గుర్తు చేశాక కూడా ఖాళీలు నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది.

నేను ఒంటరిగా చూసుకున్న మొదటి నామినేషన్ల స్క్రూటినీలో ఎదుటి లాయరు ఇంటి స్థలం దాచారని లేచాడు. సర్వే నంబరుతో సహా ఉన్న పేజీ తీసి రిటర్నింగ్ అధికారి ముందు పెట్టాను. అభ్యంతరం అక్కడే వీగిపోయింది. సీనియర్ గారు మెచ్చుకోలేదు, తర్వాతి ఫైలు నా వైపు తోశారు.

మన ప్రశ్నలు, అభ్యర్థి జవాబులు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టించి ఫైల్లో ఉంచండి. "లాయరే రాశాడు" అనే మాట రేపు రాకూడదు.

బాగా ఖరీదైనది కాకపోతే ప్రతి చిన్న వస్తువూ చూపనక్కర్లేదని 2024లో సుప్రీంకోర్టు అంది. "మరి ఈ వాచీ రాయాలా?" అని అభ్యర్థి అడుగుతాడు. అడిగాడంటే దాని ధర ఆయనకు తెలుసు. రాసేయండి.