అమ్మ కళ్ళతో ఐమ్యాక్

ఆఫీసులో ఎవరైనా ఆల్-ఇన్-వన్ డెస్క్‌టాప్ కొంటానంటే వద్దని మొదట చెప్పేది నేనే. తెరనీ కంప్యూటర్నీ ఒకే డబ్బాలో పెట్టి అమ్మడమంటే నా దృష్టిలో ఎద్దునీ బండినీ కలిపి వెల్డింగ్ చేసినట్టే. ఎద్దు కాలు విరిగితే బండిని కూడా పారెయ్యాలి. ఇన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో ఉండి, అందరికీ ఈ నీతి బోధించి, చివరికి 2024 డిసెంబర్లో నేనే వెళ్ళి ఐమ్యాక్ కొనుక్కొచ్చాను. నా కోసం కాదు, తెనాల్లో ఉన్న మా అమ్మ కోసం. అయినా ఆఫీసులో అందరూ నవ్వారు. నవ్వరూ మరి!

ఎందుకు కొన్నానో చెప్పాలంటే ముందు పాత కథ చెప్పాలి.

నాన్న పోయిన మరుసటి ఏడాది, అంటే 2014లో, అమ్మకి కాలక్షేపంగా ఉంటుందని ఒక ఆల్-ఇన్-వన్ కొనిచ్చాను. (కంపెనీ పేరెందుకు లెండి, ఇప్పుడు తిట్టి లాభం లేదు.) వార్తలు చదవడం, పాత పాటలు వినడం తప్ప ఇంకేం చేస్తుందిలే అనుకున్నాను. ఓసారి సెలవులకి వెళ్ళినప్పుడు లేఖిని తెరిచి, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు ఎలా వస్తుందో చూపించాను. అంతే, ఆవిడ మొదలుపెట్టేసింది. దుగ్గిరాల దగ్గర వాళ్ళ పుట్టిల్లు, పసుపు కొమ్ములు ఉడకబెట్టే రోజుల్లో ఊరంతా అలుముకునే వాసన, మా తాతయ్య సైకిల్ నేర్చుకుంటూ కాలవలో పడ్డ సంగతి.. ఇలా అయిదేళ్ళలో అరవై పైచిలుకు ఫైళ్ళు రాసింది. ఆ ఫోల్డర్‌కి 'జ్ఞాపకాలు' అని పేరు కూడా ఆవిడే పెట్టుకుంది.

2019 ఎండాకాలంలో ఒకరోజు అది ఆన్ కాలేదు. రిపేరు కుర్రాడు చూసి, "మదర్‌బోర్డు పోయింది సార్. దీనికి పెట్టే డబ్బుకి ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది" అన్నాడు. తెర మాత్రం నిక్షేపంలా ఉంది. కానీ ఆ మోడల్‌కి బయటి నుంచి వీడియో తీసుకునే పోర్టే లేదు, కాబట్టి మానిటర్‌గా వాడటం కుదరదు. లోపలి ప్యానెల్ విప్పి కంట్రోలర్ బోర్డు తగిలించుకునే ఓపికమంతులు ఉంటారు, నేను కాదు. వెనక మూత తీసి హార్డ్‌డిస్క్ ఊడదీసి, ఒక యూఎస్‌బీ కేసులో పెట్టి ఫైళ్ళన్నీ నా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకున్నాను. ఆ డబ్బా మీద పాత చీర ముక్క కప్పి అమ్మ బీరువా పక్కన పెట్టేసింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

"త్వరలో కొత్తది కొంటానమ్మా" అన్నాను. ఆ 'త్వరలో' రావడానికి అయిదేళ్ళు పట్టింది. కోవిడ్, ఇంటి లోను, రెండుసార్లు ఉద్యోగం మారడం.. చెప్పుకోడానికి కారణాలకేం, కావాల్సినన్ని. ఆవిడ కొన్నాళ్ళు లాంగ్ నోట్‌బుక్‌లో రాసింది. తర్వాత కళ్ళకి శుక్లాలొచ్చాయి. 2023లో రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది. ఇప్పుడు దూరంగా ఉన్నవి బాగానే కనిపిస్తున్నాయి కానీ ఫోన్లో తెలుగు చదవాలంటే అవస్థే. రాయడం పూర్తిగా ఆగిపోయింది. ఒకసారి ఫోన్లో అడిగితే "ఇంకేం రాస్తాంలేరా, రాసినవి చాల్లే" అంది. ఆవిడ మామూలుగానే అంది. నాకే ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

సరే, ఏది కొనాలి? ముందు నా పాత ల్యాప్‌టాప్ ఇచ్చి చూశాను. మెడ వంచి, కళ్ళు చికిలించి, పది నిమిషాల్లో మూసేసింది. ఇక నాబోటి వాడికి తట్టే జవాబు మ్యాక్ మినీ ప్లస్ ఒక మంచి మానిటర్. ఎం4 మినీ మన దేశంలో 59,900 రూపాయల నుంచి మొదలైంది. ఐమ్యాక్ 1,34,900 నుంచి. రెండూ ఒకే రోజు, 2024 నవంబర్ 8న అమ్మకానికొచ్చాయి, రెండింట్లోనూ ఎం4 చిప్పే. లెక్క ప్రకారం మినీదే గెలుపు. మా ఆవిడ కూడా "ఆ డబ్బుతో రెండొస్తాయి కదండీ" అంది. మరి ఐమ్యాక్ ఎందుకు? తెర కోసం. ఇంకా చెప్పాలంటే, తెలుగు అక్షరాల కోసం.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. మామూలు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద అంగుళానికి సుమారు 92 పిక్సెళ్ళుంటాయి. 27 అంగుళాల 4కే మానిటర్ అయితే 163. ఐమ్యాక్‌లో తెర కొలత సరిగ్గా చెప్పాలంటే 23.5 అంగుళాలు, పిక్సెళ్ళు 4480 బై 2520, అంగుళానికి 218. ఇంగ్లీషు చదివేవాడికి 92 అయినా పెద్ద ఇబ్బంది ఉండదు, నిలువు గీతలూ సున్నాలూ ఎలాగోలా తెలిసిపోతాయి. మన లిపి అలాంటిది కాదు. ద కింద చిన్న గీత పెడితే ధ. దాని కడుపులో ఒక చుక్క పెడితే థ. 'రాష్ట్రం' అని రాస్తే ష కింద ట ఒత్తు, దానికి తోడు ర ఒత్తు. తక్కువ పిక్సెళ్ళలో ఆ ఒత్తులన్నీ కలిసి మసి మరకలా తయారవుతాయి. అలవాటైన మనం ఆ మరకని చూసి పదాన్ని ఊహించేస్తాం. చదువుతున్నాం అనుకుంటాం కానీ సగం ఊహే. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్ళకి ఆ ఊహ కూడా కష్టమే. అక్షరం సైజు పెంచితే సరిపోదా అంటే, పెంచిన కొద్దీ లైనుకి నాలుగు పదాలే పడతాయి. పెద్దగానూ ఉండాలి, నున్నగానూ ఉండాలి.

అలా బేసిక్ మోడల్ తీసుకున్నాను. 16 జీబీ మెమరీ, 256 జీబీ స్టోరేజీ. దుగ్గిరాల ఆడపడుచుకి పసుపు రంగుదే ఇద్దామనుకున్నా కానీ ఆ రంగు కావాలంటే పై మోడల్‌కి వెళ్ళాలట. ఆకుపచ్చతో సరిపెట్టుకున్నాను.

2025 సంక్రాంతికి డబ్బాని వెనక సీట్లో పెట్టి, బెల్టు కూడా కట్టి, పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారులో ఓపిగ్గా నిలబడి తెనాలి చేర్చాను. డబ్బా విప్పగానే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "మిగతాది ఏదిరా?" మందం 11.5 మిల్లీమీటర్లే. ఆవిడ దాని వెనక్కి వెళ్ళి చూసి మరీ నమ్మింది. ఒక కరెంటు తీగ అయస్కాంతంతో టక్కున అతుక్కుంటుంది. కీబోర్డుకీ మౌస్‌కీ తీగల్లేవు. 1998లో మొదటి ఐమ్యాక్‌ని అమ్మింది కూడా ఈ మాట మీదే: డబ్బా విప్పు, తీగ పెట్టు, ఇంటర్నెట్‌కి కలుపు. మినీ అయితే మానిటర్ తీగ ఒకటి, దాని కరెంటు ఒకటి, స్పీకర్లు, కెమెరా.. ఏదో ఒకటి ఊడొచ్చిన ప్రతిసారీ నాకు ఫోన్. ఈ కారణం మీద నా నీతిని నేనే పక్కన పెట్టానని ఒప్పుకుంటున్నాను.

తర్వాత 'జ్ఞాపకాలు' ఫోల్డర్ కాపీ చేశాను. చేస్తుంటే ఒక్క క్షణం చెయ్యి ఆగింది. గుర్తుందా, 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లని కుప్పకూల్చింది? అది ఈ 'జ్ఞా'యే. మధ్యలో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్-జాయినర్ ఒకటి ఇరుక్కుంటే, దాన్ని తెర మీద చూపించే ప్రయత్నంలో యాప్ చచ్చిపోయేది. మ్యాక్‌లదీ అదే గతి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ప్రపంచమంతా తెలుగు గురించి మాట్లాడుకున్న అరుదైన సందర్భం, అదీ ఇలాగ! ఇప్పుడు మాత్రం అమ్మ ఫోల్డర్ బుద్ధిగా వచ్చి కూర్చుంది.

ఒక ఫైలు తెరిచి, ముందే ఉండే కోహినూర్ తెలుగు ఫాంటు పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి అమ్మని కూర్చోబెట్టాను. రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత "అచ్చు పుస్తకంలా ఉందిరా" అంది. ఎం4 ఎంత వేగమో కొలవడానికి నేనూ ఏవో నాలుగు బిల్డులు కొట్టి చూశాను. వేగంగానే ఉంది, ఫ్యాను చప్పుడూ వినపడలేదు. కానీ ఆ రెండు నిమిషాల మౌనం ముందు ఆ అంకెలు రాయాలనిపించడం లేదు.

కెమెరా గురించి ఒక మాట. వీడియో కాల్‌లో మనిషి కదిలితే ఫ్రేము కూడా వెంట కదులుతుంది. అమ్మ నీళ్ళ గ్లాసు కోసం లేచి, తెరలో తన బొమ్మ మధ్యలోనే ఉండటం చూసి, "ఇదేంట్రా, నా వెంటే పడుతోంది" అని కంగారు పడింది. డెస్క్ వ్యూ అని ఇంకోటుంది. తెర ముందు బల్ల మీద ఉన్నదాన్ని పైనుంచి చూస్తున్నట్టు చూపిస్తుంది. భోగి రోజున కాగితం మీద చుక్కలు పెట్టి, డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలి కూతురికి ముగ్గు వెయ్యడం నేర్పించింది. బొమ్మ కొంచెం మసగ్గా, అంచుల్లో సాగినట్టు ఉంది. అయినా ఆ పిల్ల అక్కడ ముగ్గు పూర్తి చేసింది.

ఇక తిట్లు. స్టాండు ముందుకీ వెనక్కీ వంగుతుంది కానీ ఎత్తు మారదు. ఈ ధరకి ఇది అన్యాయం. కింద నాన్నగారి లావుపాటి నిఘంటువులు రెండు పెట్టాను. మౌస్‌కి యూఎస్‌బీ-సి ఇచ్చారు గానీ ఛార్జింగ్ రంధ్రం మాత్రం మళ్ళీ పొట్ట కిందే. చచ్చిన బొద్దింకలా వెల్లకిలా పడుకోబెట్టి ఛార్జ్ చెయ్యాలి. వెనక రెండే పోర్టులు, రెండూ యూఎస్‌బీ-సి. అమ్మ దగ్గరున్న అన్నమయ్య కీర్తనల పెన్‌డ్రైవ్ పట్టలేదు. తెనాలంతా వెతికి అడాప్టర్ తేవాల్సొచ్చింది. మొదటి ఐమ్యాక్‌లోనే ఫ్లాపీ డ్రైవ్ పీకేసిన వంశం కదా, ఆశ్చర్యం లేదు. తెర నున్నటి గాజు, కిటికీకి ఎదురుగా పెడితే అద్దమే.

ఇవన్నీ చిల్లర బాధలు. అసలైనవి రెండున్నాయి. అమ్మానాన్నల కోసం కొనేవాళ్ళు ఇవి తప్పక ఆలోచించుకోవాలి.

ఒకటి, కరెంటు. ఇది ల్యాప్‌టాప్ కాదు, లోపల బ్యాటరీ లేదు. కరెంటు పోయిన క్షణంలో రాస్తున్నది పోవచ్చు. దీని అడాప్టర్ 143 వాట్లే కాబట్టి మామూలు 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక స్విచ్ 'యూపీఎస్' మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అందుకునేలోపే కంప్యూటర్ ఆరిపోవచ్చు.

రెండోది ఇంకా పెద్దది. పాతదాని బోర్డు చచ్చినప్పుడు నేను డిస్క్ ఊడదీసి ఫైళ్ళు కాపాడుకున్నాను కదా, దీన్లో ఆ అవకాశం లేదు. స్టోరేజీ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. మెమరీ కూడా చిప్‌తోనే, తర్వాత పెంచుకోలేం. బోర్డు పోతే జ్ఞాపకాలూ పోతాయి. తెర మిగిలినా దాన్ని మానిటర్‌గా వాడుకోలేం. 2014 దాకా వచ్చిన కొన్ని ఐమ్యాక్‌లకి కేబుల్ పెట్టి మానిటర్‌గా మార్చుకునే సదుపాయం ఉండేది, ఆ తర్వాత తీసేశారు. అంటే నా ఎద్దూ బండీ నీతి ఇప్పుడూ నిజమే, ఇంకా గట్టిగా నిజం. అందుకే మొదటి రోజే ఒక బయటి డిస్క్ తగిలించి టైమ్ మెషీన్ పెట్టాను, ఇంకో కాపీ నా దగ్గర ఉంచుకున్నాను. ఈ రెండూ చెయ్యలేనంటే దయచేసి ఆల్-ఇన్-వన్ కొనకండి.

మీ కోసమైతే మినీ, మంచి మానిటరూ విడివిడిగా కొనుక్కోండి. నేనూ అదే చేస్తాను. పెద్దవాళ్ళ కోసమైతే, మీరు కొంటున్నది కంప్యూటర్ కాదు, ఒక మంచి తెర అనుకుని కొనండి. దానికి కొన్నేళ్ళ ఆయుష్షే ఉందని కూడా తెలిసి కొనండి. పదేళ్ళ తర్వాత ఇదీ చీర ముక్క కింద చేరుతుందని నాకు తెలుసు. కానీ "పదేళ్ళు మన్నేది దొరికాక కొందాం" అంటూ నేను ఇప్పటికే అయిదేళ్ళు తినేశాను. అవి ఏ స్టోర్లోనూ దొరకవు.

కనుమ మర్నాడు నేను బయల్దేరుతుంటే అమ్మ తెర ముందే ఉంది. మొదటి ఫైలు తెరిచి ఏదో దిద్దుతోంది. "చూడరా, 'అర్థం' అని రాయాల్సిన చోటల్లా 'అర్ధం' అని రాశాను. ఇన్నేళ్ళూ కనపడనే లేదు" అంది. ధకీ థకీ మధ్య ఉన్న ఆ ఒక్క చుక్క పాత తెర మీద ఎవరికి కనపడింది గనక! కొత్తవి ఎప్పుడు రాస్తావని అడిగాను.

"ఉండరా, ముందు ఈ తప్పులు దిద్దనీ. ఇంకా అరవై ఉన్నాయి."