పూలపాత్రలో ముండ్లదిమ్మ

పూవు కాడమీద నిలుచును. కాడ దేనిమీద నిలుచునని యడుగువారు మిక్కిలి యరుదు. చూచి యానందించువారి కంట నా యాధారము పడకుండుటయే యమరికకు గౌరవము. అయినను పాత్రను చేయువానికిని, పూలను గ్రుచ్చువానికిని అసలు చిక్కంతయు నా కనబడని వస్తువుతోనే. దానిని గూర్చి మేమిక్కడ కొన్ని మాటలు వ్రాయదలచినాము.

పూలను పాత్రలో నిలుపుట నొక శాస్త్రముగా పెంచిన దేశము జపాను. దీని నచ్చట ఇకెబానా యందురు. క్యోటో నగరమున రొక్కకుదో ఆలయములో బుద్ధునికి పూలర్పించుచు వచ్చిన ఇకెనోబోవా రీ విద్యకు మూలపురుషులు. 1462లో ఆ పరంపరలోని సెంకెయ్ పూలనమర్చగా నగరవాసులు పోటీపడి చూడవచ్చిరని యొక భిక్షువు తన దినచర్యలో వ్రాసికొనెను. ఎత్తైన పాత్రలలో కొమ్మలను నిలువుగా నిలుపుటకు వరిగడ్డిని బిగువుగా కట్టి, పాత్ర మూతికి సరిపోవునట్లు కోసి లోపల దిగగొట్టి, ఆ గడ్డిలో కాడలు గ్రుచ్చుదురు. మన తెలంగాణమున బతుకమ్మను పేర్చు స్త్రీలకీ గడ్డి న్యాయము క్రొత్తది కాదు. తాంబాళములో గుమ్మడాకులు పరచి, తంగేడు, గునుగు పూలను వరుసమీద వరుసగా పేర్చుచు, నడిమి బోలును ఆకుల తునుకలతో కూరుచు పోవుదురు. ఆ కూరుడే లేకున్న మూడవ వరుసకే గోపురము కూలును. దాని నెవరును చూడరు, పాడరు.

లోతైన పాత్రలకు గడ్డి చాలినది. ఓహరా ఉన్షిన్ (1861–1916) పొట్టికాడల పూలను, పడమటి దేశపు పూలను పళ్ళెమువంటి లోతులేని పాత్రలలో నమర్చు పద్ధతిని తెచ్చిన పిమ్మట గడ్డికట్టకు ఆనిక లేకపోయినది. నేడట్టి పాత్రలలో విరివిగా వాడునది ముండ్లదిమ్మ. సీసపు దిమ్మలో ఇత్తడి సూదులు దట్టముగా నాటియుండును. జపానువారు దీనిని కెన్‌జాన్ అందురు. కత్తుల కొండ యని యర్థము. సీసము నీటికంటె పదునొకండు రెట్లకు పైగా బరువు గలది. ఆ బరువే దాని బలము. యంత్రమున చేసిన చదునైన పళ్ళెములో, నిటారు కాడలకు, ఆ బరువు చాలును.

చేతిపాత్ర సంగతి వేరు. సారెమీద తీసిన పాత్ర యడుగున కుమ్మరి వ్రేళ్ళ జాడ సుడివలె నిలిచిపోవును. నడుమ చిన్న బొడిపె మిగులుటయు కలదు. ఆరునప్పుడు అంచులు ముందుగా నారి, అడుగు కొంచెము వంగును. కాల్చునప్పుడు గాజుపూత కరగి పల్లమునకు జారి యొకచోట మందమగును. ఇట్టి పాత్రలో దిమ్మ నుంచి యొక ప్రక్క వ్రేలితో నొక్కినచో రెండవ ప్రక్క లేచును. ఒక మామిడి కొమ్మను వాల్చి గ్రుచ్చితిరేని దిమ్మతోగూడ బోర్లపడును. ఇది కుమ్మరి దోషమనుట యన్యాయము. ఆ వ్రేళ్ళ జాడ కొరకే గదా మనము యంత్రపు పళ్ళెమును కాదని చేతిపాత్రను కొనునది!

దీనికొక జిగట ముద్ద బజారులో దొరకును. అది నీట కరగదు. చిన్న యుండలుగా చేసి దిమ్మ యడుగున మూడుచోట్ల నంటించి, పాత్రలో నుంచి, కొంచెము త్రిప్పుచు నొక్కవలెను. మూడుచోట్లనే యేల యందురా? ముక్కాలిపీట యే గతుకు నేలమీదనైనను ఊగదు, అదే న్యాయము. అంటించునప్పుడు పాత్రకును దిమ్మకును తడి లేశమైన నుండరాదు. నీరు పిమ్మటనే పోయవలెను. గాజుపూత లేని పాత్రలో ఏ ముద్దయు సరిగా పట్టదు. అచ్చట పలుచని రబ్బరు ముక్కను దిమ్మక్రింద పరచుట మేలు. కొమ్మ మరీ బరువైనచో మరియొక దిమ్మను బోర్లించి, మొదటి దిమ్మ వెనుకయంచు సూదులలో దాని సూదులు దూరునట్లు పెట్టినచో ప్రతితూకమై నిలుపును.

ఇన్ని పాట్లేల, ఎపాక్సీ జిగురుతో శాశ్వతముగా నంటించి యమ్మిన పోదా యను వాదము నేడు బలముగా వినబడుచున్నది. మా పాఠశాలలో బాలురు చేసిన పాత్రల నమ్మదలచినప్పుడు తోటి యుపాధ్యాయులలో పలువురిదే మాట. మేము సమ్మతింపలేదు. గట్టికొమ్మలు గ్రుచ్చగా గ్రుచ్చగా సూదులు వంగును. వానిని సరిచేయుటకు జపానువారు చిన్న గొట్టమువంటి పనిముట్టును వాడుదురు. కుళ్ళిన కాడల జిగురు సూదుల మొదళ్ళలో పేరుకొనును. దిమ్మ పైకి రానిచో దాని యడుగు నెన్నడు కడుగుట? నిత్యము నీటనుండు జిగురు నున్నని గాజుపూతను కాలక్రమమున వదలుటయు కలదు. అప్పుడు దిమ్మ సగ మూడి, సగ మంటి, రెంటికి చెడిన రేవడియగును. ఇదిగాక, సీసము నీటిలోనికి కొంచెము కొంచెముగా దిగును. దిమ్మ నంటించిన పాత్రలో మరి పండైనను పెట్టరాదు. బాలుడు చేసిన పాత్ర పదివిధముల బ్రదుకవలసినది, ఒక్క పనికి గొలుసు వేయబడినట్లే.

ఈ వాదము నడుచుచుండగా మట్టి పిసుకుచున్న యొక బాలుడు తల యెత్తి, “జిగురెందుకు మాస్టారూ? దిమ్మ చుట్టూ మట్టితోనే గట్టు కడితే సరిపోదా?” అనెను. అతడు కుమ్మరివారి బిడ్డ. కాల్చినచో గట్టు ముడుచుకొని దిమ్మ పట్టకపోవునని యొక యుపాధ్యాయుడు నవ్వెను. “ముడుచుకుంటుందని తెలుసండి. నీళ్ళకుండకి కుళాయి బెజ్జం మా నాన్న పెద్దదే పెడతాడు. కాలిన తరవాత కుళాయికి సరిగ్గా వస్తుంది” అని యతని యుత్తరము.

మరునాడు పచ్చిమట్టి కడ్డీమీద పది సెంటీమీటర్ల గీత గీసి కాల్పించి చూచితిమి. గీత 8.8 సెంటీమీటర్లకు తగ్గినది. అనగా నూటికి పండ్రెండు వంతుల ముడుత. మా దిమ్మ యడ్డుకొలత ఏడు సెంటీమీటర్లు. చుట్టును అరసెంటీమీటరు ఖాళీ వదలినచో కాలిన గట్టు ఎనిమిదుండవలెను. అందుకు పచ్చిగట్టు 9.1. ఈ యంకె కాగితముమీద తేలిన పిమ్మట బాలు డంతకుముందే గీచియుంచిన వలయమును కొలిచి చూడగా తొమ్మిదిమీద నూలుపోగంత యెక్కువ! ఈ బాలునికి లెక్కలు రావని మా పట్టికలో మూడేండ్లుగా వ్రాయబడుచున్నది. తరతరములుగా ముడుత నెరిగి మట్టిని కొలిచినవారి యింట పుట్టినవాని కొలత మన ప్రశ్నపత్రములో నిముడకపోవుట యెవరి కొరతయో, పట్టిక వ్రాయువారమే యాలోచింపవలెను.

దిమ్మనే పచ్చిమట్టిలో పొదిగి కాల్చరాదా యని మరియొకరడిగిరి. సీసము 327 డిగ్రీలకే కరగును. గాజుపూత పాత్రలు వేయి డిగ్రీలు దాటిన వేడిలో కాలును. కావున గట్టు ముందు, దిమ్మ పిమ్మట.

గట్టు సర్వరోగనివారిణి కాదు. అది దిమ్మను జారనీయదు గాని, వాలుకొమ్మ యెత్తివేయునప్పుడు ఆపలేదు. అప్పటికి మూడుండలును, బోర్లించిన దిమ్మయు ఉండనే యున్నవి. గట్టు సుడిగుండమువలె మూసికొనియుండినచో మురికినీరు లోపల నిలుచును గనుక, మడికట్టకు వలె రెండుచోట్ల గండి పెట్టవలసివచ్చినది. ఆ గండిలో వ్రేలు పెట్టి దిమ్మను లేవదీయవచ్చును గూడ. ఇప్పుడా గండి యెంత వెడల్పుండవలెనని బాలునికిని మాకును వివాదము. వ్రేలు దూరిన చాలునని మేము. కడుగు కుంచె దూరవలెనని యతడు. రెండు విధములను చేసి కాల్చుటకు ఆవములో పెట్టించినాము.