మందు పొట్లం మీద చేతులుంచి ప్రార్థించిన రోజు

 

పెద్దన్న ఎలా ఉన్నారని చాలామంది అడుగుతున్నారు. ఆయన పేరు రాయనక్కర లేదు, మీకు తెలుసు. ఆయనా, వదినమ్మా ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాం. ఇందులో మా తప్పు కూడా ఉంది. అది దాచకుండా రాద్దామని పాస్టరమ్మ అన్నారు.

రెండేళ్ల క్రితం క్రిస్మస్ నెలలో ఒక ఆదివారం మందిరం గంట మోగలేదు. పెద్దన్న తాడు పట్టుకుని నిలబడే ఉన్నారు. "వేళ్లు బిగియట్లేదు అయ్యగారూ" అన్నారు. చలికేమో అనుకున్నాం. సంక్రాంతి నాటికి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయారు. భుజం కండ చర్మం కింద పురుగు పాకినట్టు అదురుతుండేది. మెడ అరిగిందని కొన్నాళ్లు, పక్షవాతమని కొన్నాళ్లు తిరిగారు. చివరికి నగరంలో నరాల డాక్టరు కండల్లో సూదులు గుచ్చి పరీక్ష చేసి చెప్పారు, మోటార్ న్యూరాన్ వ్యాధి అని.

మెదడు నుంచి, వెన్నుపాము నుంచి కండలకు ఆజ్ఞ మోసుకెళ్లే నరకణాలు ఈ రోగంలో ఒక్కొక్కటే చనిపోతాయి. ఆజ్ఞ అందని కండ ఎండిపోతుంది. చేతులు, కాళ్లు, మాట, మింగుడు, చివరికి ఊపిరి. చూపూ వినికిడీ మిగులుతాయి. చాలామందికి బుద్ధి కూడా స్పష్టంగానే ఉంటుంది, అదే కష్టం. ఫ్రాన్సు వైద్యుడు షార్కో 1869లోనే దీన్ని వివరించాడు. ఇప్పటికీ దీన్ని వెనక్కి తిప్పే మందు లేదు. రిలుజోల్ అనే మాత్ర 1995 నుంచి ఉంది. పరీక్షల్లో అది ఆయుష్షుకు కలిపింది 2, 3 నెలలు. ఎక్కువమంది లక్షణాలు మొదలైన 2 నుంచి 5 ఏళ్లలో ప్రభువు దగ్గరకు వెళ్లిపోతారు. స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో ఈ రోగమని చెప్పినా 2018 దాకా బతికారు కదా అని కూడికలో ఒక తమ్ముడు అడిగాడు. నిజమే తమ్ముడూ, కానీ అలాంటివారు బహు అరుదు.

ఈ సంగతి విన్న వదినమ్మ తమ్ముడు ఊరుకోలేకపోయాడు. ఎవరో ఏజెంటును పట్టుకున్నాడు. చైనా మూలికల వైద్యం, బీజింగ్ ప్రయాణం, మూడు నెలల కోర్సు, చెయ్యి మళ్లీ లేస్తుంది అని మాట. ఈలోగా వాడమని గోధుమరంగు పొడి పొట్లాలు ఇచ్చాడు. ఇంగ్లీషు మందు మాత్రం ఆపాలట, రెండూ కలిస్తే గుణం రాదట. రోడ్డు పక్క ఎకరం బేరానికి పెట్టారు. ప్రార్థన చెయ్యమని మమ్మల్ని పిలిచారు. మేమిద్దరం వెళ్లి ఆ పొట్లాల మీద చేతులుంచి ప్రార్థించాం. లోపల ఏముందని అడగలేదు. మాత్ర ఎందుకు ఆపాలని కూడా అడగలేదు.

అడిగింది మన సంఘంలోని ఒక అమ్మాయి. చైనాలో ఎంబీబీఎస్ చదివి వచ్చిన పిల్ల, పొట్లం మీది అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. ఆ సాయంత్రం మా వసారాలో కూర్చుని తను చూసింది చెప్పింది.

1982 నాటి చైనా రాజ్యాంగంలోనే ఆధునిక వైద్యాన్నీ సంప్రదాయ వైద్యాన్నీ రెండింటినీ పెంచాలని ఉందట. విదేశీ విద్యార్థులకు కూడా సంప్రదాయ వైద్యం ఒక పాఠం. ఆమె చదివిన ఆసుపత్రిలో కింది అంతస్తులో నరాల విభాగం, పైన సూదుల వైద్యం. ఈ రోగంతో వచ్చిన పెద్దాయన పొద్దున కింద ఊపిరి పరీక్ష చేయించుకుని, రిలుజోల్ చీటీ రాయించుకుని, మధ్యాహ్నం పైకి వెళ్లేవాడు. అక్కడ కాళ్ల తిమ్మిరికి, బిగుసుకున్న భుజానికి, నిద్రకు, మలబద్ధకానికి సూదులు, ఇంకా తుయ్‌నా అనే మర్దనా. మూలికల కషాయం ఆసుపత్రి మందులషాపులోనే కాచి, మన పాల ప్యాకెట్లలాంటి చిన్న ప్యాకెట్లలో పోసి ఇచ్చేవారు. అందులో ఏముందో చీటీలో రాసి ఉంటుంది, ఆ చీటీని కింది డాక్టరు కూడా చూస్తాడు. "అక్కడ మాత్ర ఆపమన్నవాళ్లను నేను చూడలేదు అయ్యగారూ" అంది. ఇంకొక మాట చెప్పింది, అది మాకు మరపు రాదు. పై అంతస్తు వైద్యుడు నాలుక చూపించమంటాడు, అది వారి పద్ధతి. కింది డాక్టరూ నాలుకే చూస్తాడు, అది ఎండుతోందా, అదురుతోందా అని. చూసేది ఒకే నాలుక.

మరి నయమైనవాళ్లున్నారని ఏజెంటు అన్నాడు కదా అని అడిగాం. దానికీ జవాబుంది. సుమారు 2000 ఏళ్లనాటి వారి వైద్యగ్రంథం హువాంగ్‌దీ నెయ్‌జింగ్‌లో 'వెయ్' అనే రోగం మీద ఒక అధ్యాయమే ఉంది. మొక్క వడలినట్టు అవయవం వడలిపోవడం అని అర్థం. జీర్ణబలం నిలబెట్టడమే దానికి ముఖ్యమని ఆ గ్రంథం చెబుతుంది, అందుకే హువాంగ్‌చీ అనే వేరు ఎక్కువ వాడతారు. అయితే వడలడం అనే ఆ ఒక్క పేరు కింద ఎన్నో రోగాలున్నాయి. కొన్ని నరాల వాపులు వాటంతటవే తగ్గుతాయి. మయస్తీనియా అనే కండరాల బలహీనత మందులతో చాలావరకు అదుపులో ఉంటుంది. 1916లో పుట్టి 2019లో కన్నుమూసిన గ్వాంగ్‌జౌ వైద్యుడు డెంగ్ టియెతావ్ పేరు పొందింది ఆ మయస్తీనియా చికిత్సకే. బలహీనత తగ్గిందని ఎవరైనా చెబితే అది ఏ బలహీనతో అడగాలి. మన పెద్దన్నకు వచ్చిన దాన్ని ఆపుతుందని రుజువైన మూలిక ఇంతవరకు ఒక్కటీ లేదు.

చైనాలోనే జేడీ డాట్ కామ్ అనే పెద్ద కంపెనీలో ఉపాధ్యక్షుడిగా పనిచేసిన త్సాయ్ లెయ్‌కు 2019లో ఇదే రోగమని తేలింది. డబ్బుకు కొదవ లేదు, ఏ వైద్యుడైనా ఆయన గుమ్మం ముందే. అయినా మందు కనిపెట్టడానికే పోరాడుతున్నారు. 2024 జనవరిలో పరిశోధనకు మరో 10 కోట్ల యువాన్లు ఇస్తామని ప్రకటించారు. చనిపోయాక మెదడూ వెన్నుపామూ పరిశోధనకు ఇవ్వమని తోటి రోగులనూ ఒప్పించారు. పొడి పొట్లంతో పోయేదైతే ఆయనకెందుకు ఈ కష్టం?

అమ్మాయి పొట్లం మీద చదవగలిగిన పేర్లలో ఒకటి గాన్‌త్సావో, అంటే మన అతిమధురమే. చిటికెడు తింటే ఏమీ కాదు. రోజూ ఎక్కువ మోతాదులో తింటే ఒంట్లో పొటాషియం పడిపోతుంది, కండలు నీరసిస్తాయి. ఉన్న బలం కరిగిపోతున్న మనిషికి అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. రిలుజోల్ వాడేవారికి కాలేయం పరీక్ష తప్పదు, తెలియని మూలిక ఆ కాలేయం మీదే ఇంకో బరువు పెట్టవచ్చు. ఆకులూ వేర్లూ చెడు చెయ్యవని మన నమ్మకం. బెల్జియంలో సన్నబడటానికి చైనా మూలికలు మింగిన స్త్రీలకు మూత్రపిండాలు పాడైన సంగతి 1993లో బయటపడింది. ఆ విషమున్న గ్వాన్‌ముతుంగ్ అనే మూలికను 2003లో చైనాయే నిషేధించింది.

ఆ అమ్మాయి తన చైనా గురువుకు మెయిల్ రాసింది. ఆయన ఏ మందూ రాయలేదు. బరువు ఎంత తగ్గింది, నీళ్లు తాగితే దగ్గొస్తోందా, పడుకుంటే ఆయాసమా, పొట్టలోకి తిండి గొట్టం పెట్టారా అని అడిగారు. ఇంత దూరం ప్రయాణం వద్దన్నారు.

మా తప్పు ఆ ప్రశ్నలో బయటపడింది. గొట్టం సంగతి నగరం డాక్టరు ఏడు వారాల ముందే చెప్పారు. ఊపిరి బలం సగానికి పడకముందే పెట్టించుకోవాలి, తర్వాత ప్రమాదం పెరుగుతుంది అని. వదినమ్మ మమ్మల్ని అడిగితే, తొందరెందుకు, 21 దినాల ఉపవాస ప్రార్థన పెడదాం, ప్రభువు కార్యం చేస్తాడు అన్నాం. 21 అయ్యాయి, ఇంకో 21 మొదలుపెట్టాం. తీరా వెళ్లేసరికి మత్తు ఇవ్వడం కష్టమన్నారు. ఇప్పుడు ముక్కు గొట్టంతోనే జావ పోస్తున్నారు. దాన్ని చూసినప్పుడల్లా మా కళ్లు కిందికి వాలుతాయి. ఏజెంటు మాత్ర ఆపమన్నాడు, మేము గొట్టం ఆపాం. మాకూ అతనికీ తేడా ఏమిటని పాస్టరమ్మను అడిగితే ఆమె చాలాసేపు పలకలేదు. తర్వాత "మనం వెళ్లి చెప్పుకోవచ్చు" అన్నారు.

వెళ్లి చెప్పుకున్నాం. అప్పటికి పెద్దన్న మాట చాలావరకు పోయింది. మా వైపు చూసి, ఎడమ చేతి వేళ్లు రెండు కొంచెం ఎత్తారు. వదినమ్మ దానికి అర్థం చెప్పలేదు, మేమూ అడగలేదు.

హిజ్కియా రాజు కన్నీటి ప్రార్థన దేవుడు విన్నాడు. విన్నాకే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. సెమినరీలో ఆ భాగం మీద పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాం. పౌలు చేతుల మీదుగా ఎందరో స్వస్థపడ్డారు, అయినా త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వెళ్లాడు. ఆ వచనం మీద మాత్రం ఇన్నేళ్లలో ఒక్క ప్రసంగమూ చెప్పలేదు.

పొలం అమ్మలేదు. పొట్లాలు పారేశారు, మాత్ర మళ్లీ మొదలైంది. రాత్రిళ్లు ఊపిరికి ముసుగు యంత్రం పెడుతున్నారు. మింగుడు మరీ దెబ్బతినని రోగులకు అది 200 రోజులకు పైగా ఆయుష్షు కలిపిందని 2006లో ఇంగ్లండు పరీక్ష ఒకటి చెప్పింది. పెద్దన్నకు అంత దొరుకుతుందో లేదో కానీ, తెల్లవారేసరికి ముఖం తేటగా ఉంటోంది. మన అమ్మాయి వదినమ్మకు కాళ్లు మర్దనా చెయ్యడం నేర్పింది, నగరం డాక్టరుకు చెప్పాకే. పడుకునే ముందు మర్దనా, తర్వాత ముసుగు. ఆ రెంటి మధ్య మేము వెళ్లి ప్రార్థన చేసి వస్తున్నాం. స్వస్థత అడుగుతూనే ఉన్నాం, మానలేదు.

ఒక మనవి. యంత్రానికి కరెంటు కావాలి. మన ఊళ్లో రాత్రి కోతలు మీకు తెలిసినవే. ఇన్వర్టరు పాతది, బ్యాటరీ గంటన్నర కూడా నిలవడం లేదు. యవ్వనస్థులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని అక్కడ పడుకుంటున్నారు. వచ్చే వారం బుధ, శుక్రవారాల రాత్రులకు ఇంకా ఎవరూ పేరు ఇవ్వలేదు. ఇవ్వగలిగినవారు మందిరం తలుపు దగ్గర పెట్టిన పుస్తకంలో రాయండి.