వెనక సీటులో నిద్ర

ఎంజీబీ కొన్నది నాలుగేళ్ళ క్రితం, అక్టోబరులో. 1972 నాటి బండి. ముదురాకుపచ్చ రంగు, తీగల చక్రాలు, రెండే సీట్లు. క్లీవ్‌లాండ్‌కి గంట దూరంలో ఒక పొలంలో, ట్రాక్టరు పక్కన నిలబెట్టి ఉంది. అమ్మిన పెద్దమనిషి "కొద్దిగా తుప్పు ఉంది" అన్నాడు. పదహారేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నవాణ్ణి, ఆ "కొద్దిగా"కి అర్థం నాకు తెలిసి ఉండాలి. మాకు ఉప్పు బయటినుంచి తెచ్చుకోవలసిన పని లేదు, ఈరీ సరస్సు అడుగునే గని ఉంది. చలికాలం వస్తే ఆ ఉప్పు రోడ్ల మీదికి చేరుతుంది, అక్కణ్ణుంచి బళ్ళ పొట్టల కిందికి.

నేను పొట్ట కింద చూడలేదు. బానెట్ ఎత్తి చూశాను, అంతే. లోపల కనిపించిన ఇంజను నాకు తెలిసిన ఇంజను.

తెలిసినది అని ఊరికే అనడం లేదు. బీఎంసీ వాళ్ళ 'బి-సిరీస్' ఇంజను అది. తెనాలిలో మా నాన్న నడిపిన టాక్సీ అంబాసిడర్లో ఉన్నదీ అదే కుటుంబం. మనది 1489 సీసీ. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కార్లోనూ మొదట పెట్టింది సరిగ్గా ఆ 1489 సీసీనే. తర్వాత బోరు పెంచుకుంటూ పోయి, 1962లో ఎంజీబీ వచ్చేసరికి 1798 చేశారు. స్ట్రోకు మాత్రం మారలేదు: పెళ్ళివారిని మోసిన అంబాసిడర్లోనూ, టాపు తీసేసి తిరిగే ఈ రెండు సీట్ల బండిలోనూ పిస్టను కదిలే దూరం ఒకటే, 88.9 మిల్లీమీటర్లు. సెల్ఫ్ కొట్టగానే ముందొక మూలుగు, తర్వాత గొంతు సవరించుకున్నట్టు ఒక దగ్గు, ఆపైన నిలకడగా ఒక హోరు. ఆ పొలంలో ఆ మూడూ వరసగా వినపడేసరికి నాకు ఎనిమిదేళ్ళ వయసు వచ్చేసింది. అడిగినంతా ఇచ్చేశాను.

ఎనిమిదేళ్ళప్పటి జ్ఞాపకం ఒకటుంది, అది చెప్పాలి. వేసవి సెలవుల్లో నాన్న ఒక కుటుంబాన్ని తిరుపతికి తీసుకెళ్తూ నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. వాళ్ళు అక్కడే ఉండిపోయారు. తిరుగు ప్రయాణంలో బండి ఖాళీ. వెనక సీటు మొత్తం నాదే. నెల్లూరు దాటాక చీకటి పడింది. కిటికీలోంచి చుక్కలు, కింద సన్నగా వణికే సీటు, ఆ ఇంజను హోరు. మధ్య మధ్య నాన్న బండి ఆపేవాడు. ఎక్కడో కప్పలు అరిచేవి. మళ్ళీ బయల్దేరేవాళ్ళం. నేను మళ్ళీ నిద్రపోయేవాణ్ణి. అంత హాయిగా తర్వాత ఎప్పుడూ నిద్రపోలేదనుకునేవాణ్ణి. నా పిల్లలకు ఈ కథ చాలాసార్లు చెప్పాను.

మొదటి చలికాలంలోనే నిజాలు బయటపడ్డాయి. కంప్రెషన్ చూస్తే మూడు సిలిండర్లు ఫరవాలేదు, మూడోది సగం కూడా లేదు. హెడ్ తీస్తే పగులు. బ్లాకు బోరు చేయించి, కొత్త హెడ్ వేయించి, మొత్తం కూర్చడానికి చెప్పిన ఖర్చు నేను కారుకి పెట్టినదానికంటే ఎక్కువ. అయినా చేయించాలనే నిశ్చయించుకున్నాను. ఒరిజినల్ ఇంజను లేకపోతే అది ఎంజీబీ ఎలా అవుతుంది అని నా వాదన.

ఏప్రిల్లో నాన్న వచ్చాడు, ఐదు నెలలుండడానికి. డెబ్భై నాలుగేళ్ళు. అమ్మ పోయాక ఇక్కడికి రావడం అదే మొదటిసారి. రెండో రోజు పొద్దున్నే లేచి, కాఫీ గ్లాసుతో గరాజులోకి వెళ్ళి, కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంజను వంక చూడను కూడా చూడలేదు. గోడకున్న పానాల్లోంచి ఒకటి తీసుకుని, తలుపు కింద ఉండే పట్టీ పొడుగునా కొట్టుకుంటూ వెళ్ళాడు. టంగ్, టంగ్, టంగ్, దబ్. దబ్. దబ్.

"ఇదంతా లప్పం రా," అన్నాడు.

స్క్రూడ్రైవరు తీసుకుని పొడిచాడు. పిడి దాకా దిగింది. లప్పం పెళ్ళగా ఊడి వచ్చింది, దాని వెనక ఒక పాత వార్తాపత్రిక ఉండ కూడా. ఎవరో ఆ కన్నంలో కాగితం కుక్కి, పైన లప్పం పెట్టి, నున్నగా అరగదీసి రంగు వేశారు. టింకరింగులో ఇలాంటి మోసం తెనాలిలోనే జరుగుతుందనుకున్నాను ఇన్నాళ్ళూ.

అసలు సంగతి అక్కడుంది. అంబాసిడర్ లాగే ఎంజీబీకీ విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఎముకలగూడు. పైగా దీనికి కప్పు లేదు. కాబట్టి ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టి ఉంచేది తలుపుల కింద ఉన్న ఆ రెండు సిల్లులూ, మధ్యలో గేర్ బాక్సు దాచుకునే గూడూ. సిల్లు అంటే పైకి కనిపించే రేకు ఒక్కటే కాదు, దాని వెనక నిలువు పలక, కింద ఇంకో పట్టీ, మూడు పొరలు. ఆ మూడూ తుప్పు పట్టాక బండి మధ్యలో వంగుతుంది. ముందు తలుపు సరిగా పడదు, ఎత్తి వేయాలి. నా బండి తలుపులు ఎత్తే వేస్తున్నాను. పాత బండి కదా, అలాగే ఉంటుందనుకున్నాను.

"ఇంజను సంగతి తర్వాత," అన్నాడు నాన్న. "ముందు ఇల్లు నిలబెట్టు."

అప్పుడు చెప్పాను, ఇది మన ఇంజనే నాన్నా, మన బండిలోది, దీన్నే బాగు చేయిస్తున్నాను అని. కళ్ళజోడు పైకి తోసి వంగి చూశాడు. కాసేపు ఏమీ అనలేదు. సంతోషిస్తాడనుకున్నాను.

"అదే అయితే ముందు తీసి అవతల పారెయ్," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆ తిరుపతి రాత్రి గుర్తుందా అని అడిగాను. ఎందుకు గుర్తుండదు అన్నాడు. నెల్లూరులో హెడ్ గాస్కెట్ పోయిందట. నీళ్ళు కారిపోతున్నాయి. పదేసి మైళ్ళకు ఆపి, డబ్బా పట్టుకుని చెరువు గట్టు దిగి నీళ్ళు తెచ్చి పోశాడట, కావలి దాకా. కావలి దగ్గర సహనం చచ్చి, వేడి తగ్గకుండానే రేడియేటర్ మూత తిప్పాడు. కుడిచేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా ఉన్న మచ్చ నేను పుట్టినప్పటినుంచీ ఉందనుకునేవాణ్ణి. కప్పల అరుపు ఎందుకు వినపడిందో ఇప్పుడు తెలిసింది. చెరువుల దగ్గరే కదా ఆపింది.

"నువ్వు లేస్తావేమోనని బూతులు కూడా మెల్లిగా తిట్టుకున్నా," అన్నాడు. నవ్వుతూనే.

ఆ తర్వాతి ఏడాదే నాన్న ఆ పెట్రోలు ఇంజను తీయించేశాడు. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, విజయవాడ ఆటోనగర్లో మెటడార్ డీజిల్ ఇంజను పెట్టించాడు. అది బరువెక్కువ, ముందు కిందికి దిగిపోతే టార్షన్ బార్లు బిగించారు. బండి రాయి నలిగినట్టు మోగేది. ఆర్సీ పుస్తకంలో ఇంజను నంబరు మార్పించే దాకా బ్రేకినస్పెక్టరు కనిపిస్తే సందుల్లోంచి తిప్పేవాడు. నాకు ఆ బండి నచ్చేది కాదు. స్కూలు దగ్గర దించుతానంటే వద్దనేవాణ్ణి. కానీ డీజిల్ ధరకీ పెట్రోలు ధరకీ ఉన్న ఆ తేడాలోంచే నా హాస్టలు ఫీజులు వచ్చాయి. పాత ఇంజన్ని తూకానికి అమ్మేశాడు. ఎంతకని అడిగితే, గుర్తులేదు గానీ ఆ డబ్బుల్తో రెండు టైర్లు వచ్చాయి అన్నాడు.

ఆ హోరు మీద ప్రేమ పెంచుకునే తీరిక బండి కింద పడుకున్నవాడికి ఉండదని, అది వెనక సీటులో పడుకున్నవాడికే ఉంటుందని నాకు తట్టడానికి నలభై ఏళ్ళు పట్టింది. సిగ్గుపడ్డాను. అయినా వెంటనే మనసు మార్చుకోలేదు, అబద్ధమెందుకు.

మార్చింది కొంత చదువు కూడా. 'ఒరిజినల్' అన్న మాట మీద నా పట్టుదల నిలిచేలా లేదు. ఎంజీ కంపెనీవాళ్ళే 1973లో ఈ బండి కూపేలో రోవర్ వాళ్ళ ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టి అమ్మారు. ఆ ఇంజను పుట్టింది అమెరికాలో, బ్యూయిక్ వాళ్ళ దగ్గర. వాళ్ళు వదిలేస్తే రోవర్ కొనుక్కుంది. మన అంబాసిడర్‌నే తీసుకుందాం. 1990లలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు అదే గుండ్రటి బాడీలో జపాను ఇసుజు ఇంజనూ ఐదు గేర్ల బాక్సూ పెట్టారు. దాన్ని అంబాసిడర్ కాదని ఎవరూ అనలేదు. పైగా ఎంజీబీలు ఐదు లక్షల పైచిలుకు తయారయ్యాయి. నా చేతిలో ఉన్నది ఏకైక ప్రతేమీ కాదు.

ఇంజను మార్చడాన్ని గుండె మార్పిడితో పోలుస్తారు చాలామంది. నాకది నచ్చదు. గుండె మార్చాక పాత గుండెని గరాజు మూల టార్పాలిన్ కింద పెట్టుకోం.

ఆ వేసవి అంతా సిల్లులే. తలుపు చోటుకి అడ్డంగా ఇనుప పట్టీలు వెల్డు చేసి బిగించాకే పాత రేకు కోయాలి. లేకపోతే బండి ఏ వంకరలో ఉంటే ఆ వంకరలోనే కొత్త రేకు అతుక్కుపోతుంది. వెల్డింగు నేను సాయంత్రం క్లాసుల్లో నేర్చుకున్నది, అంతంతమాత్రం. నాన్నకు వెల్డింగు రాదు గానీ కన్ను ఉంది. తలుపు పెట్టి చూడు, తీసి ఇంకాస్త జాకీ ఎత్తు, మళ్ళీ పెట్టు. ఒక్కో పక్కా పద్నాలుగు సార్లు తలుపు బిగించి విప్పాం. సీట్ల వెనక ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు పెట్టుకునే గూళ్ళు ఉంటాయి, అవీ పోయాయి. అవి పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి పట్టేలా కొత్తగా చేశాం. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. అమ్మ ప్రస్తావన ఒకసారి వచ్చింది, ఆమెకి డీజిల్ వాసన పడేది కాదని.

సెప్టెంబరులో నాన్న వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు పాత ఇంజను తీయడానికి మాత్రం సాయం పట్టాడు. క్రేనుకి వేలాడుతున్న దాన్ని ఒక్క చేత్తో తోసి పక్కకి తిప్పి, "ఇప్పుడు బానే ఉంది," అన్నాడు.

కొత్త ఇంజను కోసం వెనకనుంచి గుద్దించుకుని తుక్కుకి పోబోతున్న 1995 మియాటా ఒకటి కొన్నాను. 1839 సీసీ, పదహారు వాల్వులు, 128 గుర్రాలు, ఐదు గేర్లు. పాత ఇంజన్ని 1962లో 95 అని చెప్పుకునేవాళ్ళు. మియాటాని మాజ్దా వాళ్ళు ఇలాంటి ఇంగ్లీషు బళ్ళని చూసే తయారుచేశారు కాబట్టి, మనవడి దగ్గర అప్పు తెచ్చుకున్నట్టయింది. దీని గేర్ బాక్సుకి విడిగా మౌంటింగు ఉండదు. మియాటాలో అది ఒక పొడుగాటి చట్రంతో వెనక డిఫరెన్షియల్‌కి కలిపి ఉంటుంది. ఎంజీబీలో ఆ చట్రం ఉండదు కాబట్టి బాక్సు కింద కొత్తగా ఒక అడ్డపట్టీ చేయాల్సి వచ్చింది, అట్టముక్కలు కత్తిరించి కొలత చూసుకుంటూ. ప్రొపెల్లర్ షాఫ్టు కొలతకి చేయించాను. పాత పెట్రోలు పంపు తాళం తిప్పగానే టిక్ టిక్‌మనేది. దాని ఒత్తిడి కార్బురేటర్లకి చాలు గానీ ఇంజెక్షనుకి ఏ మూలకీ చాలదు. అదీ మార్చాను. అన్నిటికంటే విసిగించింది వైరింగు. మూడు నెలలు. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఇక్కడ టైటిలు మీద ఉండేది ఛాసిస్ నంబరే, ఇంజను నంబరు కాదు. ఒహాయోలో పాతికేళ్ళు దాటిన బండికి పొగ పరీక్ష కూడా లేదు. సందుల్లోంచి తిప్పవలసిన అవసరం రాలేదు.

మొన్న మే నెలలో మొదటిసారి రోడ్డెక్కింది. అరవై మైళ్ళ వేగంలో పాత ఇంజను 3300 దగ్గర అరిచేది. ఇప్పుడు ఐదో గేరులో 2700 చుట్టూ ఉంటుంది. సెల్ఫ్ కొడితే మూలుగు లేదు, దగ్గు లేదు, వెంటనే అందుకుంటుంది. మంచి ఇంజను. మూడు రోజుల పాటు గరాజులోకి వెళ్ళి టార్పాలిన్ ఎత్తి చూసొచ్చాను, ఎందుకో.

ఆదివారం నాన్నకి వీడియో కాల్ చేశాను. బానెట్ ఎత్తి, ఫోను దగ్గరగా పెట్టి, స్టార్ట్ చేశాను. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. పైకీ కిందికీ రేజ్ చేసి వినిపించాను.

"సరే గానీ, ఆపు," అన్నాడు.

ఆపాను.

"తలుపెయ్యి, విందాం."

వేశాను. ఎత్తకుండా, ఒక్క వేలితో.

"అవతలది?"

ఫోను పట్టుకుని అటు తిరిగి వెళ్ళి అదీ వేశాను.

"ఇంకోసారి," అన్నాడు.