పిడి త్రిప్పిన పలికెడు రేడియో

ఒక ఉగాది పండుగకు బెంగుళూరు నుండి వచ్చిన మా కుమారుడు నా చేతిలో ఒక చిన్న పెట్టెను పెట్టెను. అది ఇటుకరాయిలో సగమంత యుండెను. దాని పైభాగమున నల్లని సూర్యఫలకము, ప్రక్కన మడిచిపెట్టిన పిడి, ముందు ఒక చిన్న దీపము, వెనుక పైకి లాగెడు ఏరియల్ ఉన్నవి. "నాయనా, ఇది ఆపదలో పనికివచ్చు రేడియో. దీనికి కరెంటు అక్కరలేదు, సెల్లులు కొననక్కరలేదు. ఎండలో పెట్టిన చాలును. ఎండ లేనినాడు పిడి త్రిప్పిన చాలును" అని అతడు చెప్పెను.

నా మనుమరాలు వెంటనే పిడి పట్టుకొని గిరగిర త్రిప్పెను. "తాతా, ఇది అవ్వ తిరగలి వలె ఉన్నదే!" అని నవ్వెను. రేడియో ఒకసారి గొణిగి, పిమ్మట స్పష్టముగా పలికెను. ఇంటిల్లిపాది సంతోషించిరి. నేను మాత్రము సంతోషింపలేకపోతిని. కొన్ననాడు పలుకుట ఏ వస్తువునకును గొప్ప కాదు. కావలసిననాడు పలుకునా? ఇదియే నా ప్రశ్న. ఈ ప్రశ్న నాకు ఊరక పుట్టినది కాదు.

2009వ సంవత్సరము అక్టోబరు 2వ తేది. గాంధీ జయంతి. నాడు కర్నూలు పట్టణమును తుంగభద్ర, హంద్రీ నదులు ముంచెత్తినవి. కరవుసీమ అని పేరుపడిన మా నేలపై అంతటి వరద వచ్చునని ఎవరు తలంతురు? కృష్ణయు తుంగభద్రయు ఒకేసారి పొంగి, శ్రీశైలము జలాశయమునకు 25 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు వచ్చెను. జలాశయపు పూర్తి మట్టము 885 అడుగులు కాగా, నీరు దానికి పైన మరి పది అడుగులు దాటి నిలిచెను. మేము అప్పుడు పాతపట్టణమున ఉంటిమి. మా అమ్మను చేతులపై మోసికొని మేడపైకి చేర్చితిమి. చుట్టుప్రక్కల నాలుగు కుటుంబముల వారును మా మేడపైకే వచ్చిరి. కరెంటు పోయెను. ఫోనులు ఒకదాని వెంట ఒకటి మూగవోయెను. క్రింద నీటి హోరు, పైన చీకటి.

నాకు ఒక పాత ట్రాన్సిస్టరు ఉండెడిది. దానిని మరువక పైకి తెచ్చితిని. మీట త్రిప్పితిని, పలుకలేదు. వెనుక మూత తీసి దీపపు వెలుగున చూడగా, నెలల తరబడి అందులోనే మరచిన సెల్లులు కారిపోయి, తీగచుట్టలు పచ్చని చిలుము పట్టి యుండెను. మంచి యంత్రమే. దానిని చెరిచినవాడను నేను.

నడిరేయి దాటిన పిమ్మట ఎదుటి మేడపై నుండి ఎవరో కేక వేసిరి: "హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట తెగినదట! ఇంకొక గంటలో మేడలు కూడ మునుగునట!" ఆ మాట నిజము కాదు. కాని కాదని చెప్పగలవారు ఆ చీకటిలో ఎవరున్నారు? మా ప్రక్కయింటి యువకుడు తన మూడేండ్ల బిడ్డను భుజముపై ఎత్తుకొని, "అయ్యవారూ, నేను వీధి చివర మూడంతస్తుల ఇంటికి పోయెదను" అని మెట్లు దిగెను. వలదని ఎంత చెప్పినను వినలేదు. పది అడుగులు పోకముందే నీరు అతనిని త్రోసెను. దైవవశమున అతని చేతికి మా కిటికీ ఇనుపచువ్వ దొరకెను. మేము చీరలు ముడివేసి విడిచి, తండ్రిని బిడ్డను పైకి లాగితిమి. తెల్లవారువరకు ఆ బిడ్డ వణకుచునే యుండెను.

ఆ రాత్రి రేడియో పలికియున్నచో ఆ వదంతిని ఖండించి యుండునో లేదో నేను చెప్పలేను. కాని నమ్మదగిన కంఠము ఒక్కటి వినబడినను, అతడు ఆ మెట్లు దిగెడివాడు కాడని నా నమ్మకము. అందుచేతనే మా కుమారుడు తెచ్చిన పెట్టెను ఆటవస్తువుగా గాక, ఉద్యోగమునకు వచ్చిన అభ్యర్థిని పరీక్షించినట్లు పరీక్షింపదలచితిని.

ఇట్టి రేడియో పుట్టుక తెలిసికొనదగినది. 1991లో ఇంగ్లండు దేశీయుడైన ట్రెవర్ బేలిస్ అను శిల్పి, ఆఫ్రికాలో ఎయిడ్స్ వ్యాధి వ్యాపించుటను గురించిన కార్యక్రమమును టెలివిజనులో చూచెను. రేడియో ద్వారా ఆరోగ్యబోధ చేయవచ్చును గాని, అచటి పేదలకు కరెంటు లేదు, సెల్లులు కొను శక్తి లేదు. అది గ్రహించి అతడు గడియారమునకు వలె చుట్టుతీగ బిగించి, అది విడివడునప్పుడు పుట్టెడు విద్యుత్తుతో పలికెడు రేడియోను నిర్మించెను. నేటి రేడియోలలో చుట్టుతీగకు బదులు చిన్న బ్యాటరీ ఉండును. పిడి త్రిప్పగా లోపలి అయస్కాంతము తీగచుట్ట నడుమ తిరుగును, విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమిదియే. సైకిలు డైనమో యందున్నదియు ఇదియే.

ఇక నా పరీక్షలు చెప్పెదను. బ్యాటరీ పూర్తిగా ఒట్టిపోయిన పిదప రెండు నిమిషములు పిడి త్రిప్పితిని. తక్కువ ధ్వనితో ఇంచుమించు పావుగంట పలికెను. వార్తలు వినుటకు అది చాలును. ఒక దినమెల్ల ఎండలో ఉంచగా మూడు నాలుగు గంటలు పలికెను. ఎండకు కొదువ లేని మన సీమలో ఇది గొప్ప వరమని తలంచితిని. కాని వైశాఖమాసపు మధ్యాహ్నమున మిద్దెపై నుంచి తీయబోగా పెట్టె చేయి కాల్చెను. ఇందలి లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు మించిన వేడిలో ఛార్జి చేయరాదు. అనగా మన ఎండ దీనికి అన్నమును, విషమును కూడ. ఉదయపు ఎండలో ఉంచి, పది గంటలకు లోపలికి తీయుట మేలు.

వినికిడిని గూర్చియు ఒక వింత కనుగొంటిని. మధ్యతరంగములు పట్టునప్పుడు ఇంటిలోని దీపములు, ఛార్జరులు గరగర శబ్దము పుట్టించును. కరెంటు పోయిన క్షణముననే ఆ గరగర మాయమై, దూరపు కేంద్రములు కూడ తేటగా వినవచ్చెను. లోకమంతయు చీకటిపడినప్పుడు ఈ చిన్నపెట్టె చెవులు మరింత పదునెక్కును! రాత్రివేళ కన్నడ, తమిళ కంఠములు సైతము వచ్చినవి. పెట్టెను నిలిచినచోటనే కొంచెము ప్రక్కకు త్రిప్పిన ధ్వని హెచ్చుచుండెను. ఎఫ్.ఎం. కేంద్రము కర్నూలులో చక్కగా వినవచ్చెను గాని, అది చూపు పోవు దూరము వలె సాగునది. కొండ అడ్డమైనచో సన్నగిల్లును.

ఈ సంగతి కడప సీమలోని నందలూరులో తెలిసినది. అచట మా కుమార్తె ఇల్లు చెయ్యేటికి దాపున ఉన్నది. రేడియో వెంట తీసికొని పోయితిని. ఎఫ్.ఎం. అంతంతమాత్రముగా వచ్చెను. అప్పుడు మా వియ్యంకుడు, "బావగారూ, రేడియో మంచిదే. కాని 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఏరు ఊళ్ళపై పడిననాడు, ఇది ముందుగా ఏమి చెప్పియుండెడిది?" అని అడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఆ వరదలో పులపుత్తూరు మొదలగు గ్రామములు ధ్వంసమైనవి. అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఆలోచింపగా ఆయన మాట యథార్థము. ఎవరో ఒకరు వేళకు చెప్పిననే గదా రేడియో చెప్పును! గంటలు పట్టు వరదకు, మూడు దినములు సాగు తుఫానుకు ఇది తోడు. నిమిషములలో మీదపడు నీటికి ఊరి దండోరాయు, పొరుగువాని కేకయు, ఎత్తైన చోటికి దారి ముందే తెలిసియుండుటయు దిక్కు. మరియొక లోపము: రేడియో వినిపించునే గాని మన మొర వినదు. సహాయమునకు పిలుచుటకు ఫోను కావలసినదే.

చివరి పరీక్ష మిగిలెను. పెట్టెను గోడ అలమరలో పెట్టి, ఆషాఢము మొదలు దీపావళి వరకు ముట్టలేదు. దీపావళి నాడు మీట నొక్కగా పలుకలేదు. నా గుండె ఝల్లుమనెను. ఆ పాత ట్రాన్సిస్టరు కన్నుల యెదుట నిలిచెను. మనుమరాలు పిడి పట్టుకొనెను. నిమిషము గడచెను, నిశ్శబ్దము. రెండవ నిమిషమున చిన్న ఎఱ్ఱదీపము వెలిగెను. మూడవ నిమిషమున వార్తలు వినవచ్చెను. అభ్యర్థి ఉత్తీర్ణుడయ్యెను, కాని మొదటి తరగతిలో కాదు. అట్లు ఒట్టిపోయిన బ్యాటరీ మాటిమాటికి ఆ స్థితిలో ఉండిన చెడిపోవునని తెలిసికొంటిని. మా పొరుగువారొకరు కొన్న వేరొక రేడియోకు, బలముగా త్రిప్పగా పిడి లోపలి ప్లాస్టికు పండ్లచక్రము విరిగెను. కావున మెల్లగా, ఒకే వేగముతో త్రిప్పవలెను.

అప్పటి నుండి మా ఇంట ఒక నియమము ఏర్పడినది. ప్రతి నెల మొదటి ఆదివారమున రేడియోను బయటికి తీసి, ఉదయపుటెండ చూపి, అయిదు నిమిషములు పిడి త్రిప్పి, వార్తలు విని, మరల అలమరలో ఉంచుదుము. ఆ పని మనుమరాలు ఇంటనున్నప్పుడు ఆమెది, లేనప్పుడు నాది. మాకు కలిగిన లాభము రేడియో వలననా, నియమము వలననా అని అడిగినచో, రెంటి వలన అని చెప్పుదును. 2009లో నా కడ రేడియో ఉన్నది, నియమము లేదు.

మొన్నటి ఆదివారము ఒక యువకుడు మా ఇంటికి వచ్చెను. నాడు చీరల ముడిపట్టి మేము పైకి లాగిన బిడ్డ అతడే. ఇప్పుడు కళాశాలలో చదువుచున్నాడు. అతనికి ఆ రాత్రి ఏమియు గుర్తులేదు. బల్లపై ఉన్న రేడియోను చూచి, "అయ్యవారూ, ఫోనులుండగా ఇది ఎందుకు?" అని అడిగెను. నేను పిడిని అతని చేతికిచ్చి, "ముందు రెండు నిమిషములు త్రిప్పుము. పిదప చెప్పెదను" అంటిని.